తల్పియోత్ సమాధిలోని పేర్లు

2007 మార్చి 4వ తేదీ రాత్రి అమెరికాలో డిస్కవరీ టెలివిజన్ సంస్థ ఒక డాక్యుమెంటరీ చిత్రాన్ని ప్రసారం చేసినది. యేసు క్రీస్తును, ఆయన కుటుంబాన్ని పాతిపెట్టిన సమాధి యెరూషలేము నగరపు అంచున దొరికినదని ఆ చిత్రం చెప్పినది. దర్శకుడు సింఖా జాకబోవిచి. నిర్మాతలలో ఒకరు టైటానిక్ చిత్రంతో లోకప్రసిద్ధుడైన జేమ్స్ కామెరాన్. ప్రసారానికి ఆరు రోజుల ముందు, ఫిబ్రవరి 26న, న్యూయార్కు పబ్లిక్ గ్రంథాలయంలో వారు పత్రికల వారిని పిలిచి, రెండు పాత రాతిపెట్టెలను చూపించినారు. అప్పటికి క్రైస్తవులు శ్రమకాలపు ఉపవాసాలలో ఉన్నారు. ఆ యేడు ఏప్రిల్ 8న ఈస్టరు. సమాధి ఖాళీగా ఉన్నదనీ, యేసు లేచినాడనీ నమ్మి ఆ పండుగ చేసుకొనే కోట్లాది జనానికి ఆ సమాధి ఖాళీగా లేదని చెప్పడం చిన్న మాట కాదు. కనుక కోపాలు, ఖండనలు వెంటనే వచ్చినవి. ఆ కోపాల సంగతి అటుంచి, ఆ చిత్రంలో సాక్ష్యంగా చూపిన వస్తువులేమి, వాటినుండి ఆ నిర్ణయానికి వచ్చిన దారి ఏది అన్నది విచారించదగిన విషయం.

సమాధి కొత్తగా దొరికినది కాదు. 1980 మార్చిలో యెరూషలేము పాత నగరానికి దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, తూర్పు తల్పియోత్ అనే పేటలో ఇండ్ల నిర్మాణానికి నేల తవ్వుతూ ఉండగా కొండరాతిలో తొలిచిన ఒక గుహ ముఖద్వారం బయటపడినది. ద్వారంపై కోణాకారపు చెక్కడం, దాని క్రింద ఒక గుండ్రని గుర్తు ఉన్నవి. పురాతత్త్వశాఖ పక్షాన యోసెఫ్ గాత్ అక్కడ తవ్వకం జరిపినారు. అప్పుడు పడుచువాడైన షిమోన్ గిబ్సన్ సమాధి పటాలు గీచినారు. లోపల పది అస్థిపేటికలు ఉన్నవి. వాటిని గిడ్డంగికి తరలించినారు. ఇటువంటి తవ్వకాలు ఆ నగరంలో తరచు జరిగేవే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపడలేదు. గాత్ గతించిన తరువాత ఆమోస్ క్లోనర్ 1996లో పూర్తి నివేదికను ప్రచురించినారు. అదే సంవత్సరం ఈస్టరు రోజులలో బి.బి.సి. కూడా ఈ పేర్ల సంగతిని ఒక కార్యక్రమంలో చూపినది. కొన్నాళ్లు మాట్లాడుకొని లోకం దానిని మరచిపోయినది.

అస్థిపేటిక అంటే ఏమిటో తెలియకపోతే ఈ వివాదం అర్థం కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 20వ సంవత్సరం నుండి, క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేమును నాశనం చేసేవరకు, అక్కడి యూదులలో కలిగిన కుటుంబాల వారు రాతిలో గుహలు తొలిపించి వాటిలో తమ వారి శవాలను ఉంచేవారు. సుమారు ఒక సంవత్సరం గడచి మాంసం మట్టిలో కలిసిన తరువాత, ఎముకలను ఏరి మెత్తని సున్నపురాయితో చేసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను గుహలోనే ఒక గూటిలో ఉంచేవారు. పెట్టె పొడవు తొడ ఎముక పట్టేటంత ఉంటే చాలు. ఒక్కొక్కప్పుడు ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు కూడా చేర్చేవారు. ఎవరివో గుర్తుండడానికి పెట్టె ప్రక్కన మేకుతోనో ఉలితోనో పేరు గీచేవారు. అది చెక్కడపు పని కాదు. చీకటి గుహలో మోకాళ్లపై కూర్చొని బంధువులు గీచిన గీత. అందువలననే ఈ అక్షరాలను చదవడం పండితులకు కూడ కష్టం. ఇస్రాయేలు ప్రభుత్వ సేకరణలోని ఇట్టి పెట్టెల జాబితాను రహ్మానీ అనే పండితుడు 1994లో ప్రకటించినాడు. వాటి సంఖ్య దాదాపు 900. అందులో సుమారు నాలుగవ వంతు పెట్టెలకు మాత్రమే లేఖనాలు ఉన్నవి.

తల్పియోత్ పెట్టెలు పదింటిలో ఆరింటిపై పేర్లు ఉన్నవి. అందులో ఒకటి గ్రీకు లిపి. మిగిలినవి హీబ్రూ లిపి. అవి ఇవి: "యేషువా బర్ యెహోసేఫ్", "మర్యా", "యోసే", "మత్యా", "యెహూదా బర్ యేషువా", గ్రీకులో "మరియమెనె" అని చదివిన ఒక పేరు, దాని ప్రక్క "మార". బర్ అనగా అరమాయిక్ భాషలో కుమారుడు. బర్తిమయి అంటే తీమయి కుమారుడని బైబిలు చదివినవారు ఎరిగినదే. యేషువా అనే పేరే గ్రీకు నోట మారి, మన దాకా వచ్చేసరికి యేసు అయినది. కాబట్టి మొదటి పెట్టె మీద ఉన్నది "యోసేపు కుమారుడు యేసు". మర్యా అంటే మరియ. మార్కు సువార్తలో యేసు సోదరులలో ఒకనికి యోసే అనే పేరు ఉన్నది. ఇంతవరకు చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరించక మానదు.

అయితే చరిత్రలో ఒక పేరు ఎంత ప్రసిద్ధమో చూడడం వేరు, ఆ కాలపు వీధులలో అది ఎంత సాధారణమో చూడడం వేరు. ఆ కాలపు యూదుల పేర్లను పుస్తకాల నుండి, శాసనాల నుండి, సమాధుల నుండి ఏరి తాల్ ఇలాన్ అనే విదుషి 2002లో ఒక నిఘంటువు కూర్చినది. దాని ప్రకారం ఆనాటి పురుషులలో సీమోను తరువాత ఎక్కువగా వినిపించే పేరు యోసేపు. యేషువా కూడ అరుదు కాదు. స్త్రీలలో నలుగురైదుగురికి ఒకరు మరియ. మన కోస్తా జిల్లాలలో ఒక తరం క్రింద సుబ్బారావు, వెంకటేశ్వర్లు, లక్ష్మి ఎట్లా ఉండేవో అక్కడ ఈ పేర్లు అట్లా ఉండేవి. గోదావరి ఒడ్డున ఎక్కడో పాత రేషను కార్డు దొరికి, అందులో "రామమూర్తి కుమారుడు సుబ్బారావు, లక్ష్మి" అని ఉంటే, అది ఫలానా ప్రసిద్ధ సుబ్బారావుగారిదే అని ఎవరూ పందెం కాయరు. "యేషువా బర్ యెహోసేఫ్" అన్న లేఖనం గల మరొక పెట్టెను 1931లోనే సుకెనిక్ అనే ప్రొఫెసరు ప్రకటించినాడు. పైగా తల్పియోత్ పెట్టె మీద యేషువా అన్న మాట గజిబిజి గీతల నడుమ ఉన్నది. జాబితాలో రహ్మానీ దాని ప్రక్కన ప్రశ్నార్థకం వేసినాడు.

చిత్రం తీసినవారికి ఈ సంగతి తెలియక కాదు. పేర్లు విడివిడిగా సాధారణమే కావచ్చును, అన్నీ ఒకే గుహలో కలిసి రావడం సాధారణమా అని వారి వాదం. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పవలసినది సాంఖ్యకశాస్త్రం. వారు టొరొంటో విశ్వవిద్యాలయపు ఆంద్రే ఫోయర్వర్గర్ సహాయం కోరినారు. ఆయన పేరున్న సాంఖ్యకుడు. ఆయన వేసిన లెక్క చిత్రంలో ఈ విధంగా కనిపించినది.

"యోసేపు కుమారుడు యేసు" అనే పురుషుడు దొరికే అవకాశం 190లో ఒకటి. మరియమెనె అనే రూపం 160లో ఒకటి. యోసే అనే కురచ రూపం 20లో ఒకటి. మరియ 4లో ఒకటి. ఈ అంకెలను హెచ్చవేస్తే 24,32,000లో ఒకటి వస్తుంది. మొదట మత్యా పేరును కూడ 40లో ఒకటిగా చేర్చినారు; అప్పుడు 9,72,80,000లో ఒకటి అయినది. యేసు కుటుంబంలో మత్తయి అనేవాడు ఉన్నట్లు ఎక్కడా లేదు కనుక దానిని తీసివేసినారు. చారిత్రక ఆధారాలలో ఉండగల పక్షపాతానికి నాలుగవ వంతు చేసినారు. యెరూషలేము చుట్టుప్రక్కల దొరికిన సమాధులు సుమారు వేయి కనుక వేయితో భాగించినారు. చివరకు సుమారు 600 మిగిలినది. "600కు 1" అన్న అంకె పత్రికలలోకి ఎక్కినది ఇట్లా.

హెచ్చవేతలో తప్పు లేదు. అడగవలసినది ఏమంటే, హెచ్చవేసిన అంకెలలో ఏది గట్టిది, ఏది ఎవరో చెప్పగా ఒప్పుకొన్నది అని. వీటన్నింటిలో అసలు బరువు మోసినది 160. మరియమెనె అనేది ఒక అరుదైన పేరనీ, అది మగ్దలేనే మరియకే చెందినదనీ ఒప్పుకొంటేనే ఆ అంకె వస్తుంది. దీనికి చిత్రం చూపిన ఆధారం ఫిలిప్పు కార్యములు అనే గ్రంథం. అది నాలుగవ శతాబ్దానిది. అనగా మగ్దలేనే మరియ కాలానికి సుమారు మూడు వందల సంవత్సరాల తరువాతిది. అందులో మరియమ్నె అనే స్త్రీ ఫిలిప్పుకు సోదరిగా వస్తుంది. ఆమెను మగ్దలేనే మరియతో పోల్చిన హార్వర్డు పండితుడు ఫ్రాన్స్వా బోవోన్ చిత్రంలో కనిపించినాడు. కాని తరువాత ఆయనే, తాను మాట్లాడినది ఆ గ్రంథంలోని పాత్రను గురించి మాత్రమేననీ, నిజమైన మగ్దలేనే మరియ పేరు అదే అని తాను చెప్పలేదనీ ప్రకటన చేసినాడు.

ఆ పిమ్మట ఇంకొక చిక్కు. యెరూషలేములో పనిచేసే స్టీఫెన్ ఫాన్ ఆ గ్రీకు గీతలను మళ్లీ చదివి, అది మరియమెనె కాదనీ, "మరియమె కై మార" అనీ చెప్పినాడు. కై అంటే గ్రీకులో "మరియు". అనగా మరియ, మార అని ఇద్దరు స్త్రీల పేర్లు. ఒకరి ఎముకలు చేరిన పెట్టెలోనే తరువాత మరొకరివి చేర్చినారు. మార అనేది మార్త అన్న పేరుకు కురచ రూపం. చిత్రంలో దానికి "గురువు" అని అర్థం చెప్పినారు. ఫాన్ చదివినట్లే చదవాలని అందరూ ఒప్పుకొనలేదు. అయినా ఆ పఠనం నిలిచే అవకాశం ఉన్నదనుకొని లెక్క మళ్లీ వేసి చూడవచ్చును. 160 ఉన్నచోట మామూలు మరియకు వేసిన 4 వేయాలి. 190, 4, 20, 4 హెచ్చవేస్తే 60,800. దానిని నాలుగుతో, తిరిగి వేయితో భాగిస్తే 15. ఒక్క పదాన్ని రెండుగా విడదీసినంత మాత్రాన 600 పోయి 15 అయినది. రాతిపెట్టె మారలేదు, దానిమీది గీత మారలేదు.

ఆ 15 కూడ నిలకడగలది కాదు. లెక్కలో ఏ పేర్లు చేర్చాలో పెట్టెలను చూసిన తరువాత నిర్ణయించినారు. యోసేకు బదులు యాకోబు దొరికి ఉంటే అది చేర్చేవారు. సీమోను దొరికినా చేర్చేవారు, యూదా దొరికినా చేర్చేవారు. చెరువులో ముందు వల వేసి పడిన చేపలను లెక్కించడం ఒకటి, చేపలు ఉన్నచోటు చూసుకొని వల వేయడం మరొకటి. ఇక సరిపడని పేర్ల సంగతి. మత్యాను పక్కకు పెట్టినారు. "యేషువా కుమారుడు యెహూదా" అన్న పేరు లెక్కలోకే రాలేదు. యేసుకు కుమారుడు ఉన్నట్లు పాత గ్రంథం ఏదీ చెప్పదు. కాబట్టి న్యాయంగా ఈ పెట్టె ఆ సమాధి వేరొకరిదని సూచించే సాక్ష్యం. చిత్రంలో మాత్రం అదే ఒక గొప్ప విశేషంగా, రహస్యంగా దాచిన కుమారునిగా మారినది. వాదానికి ఎదురుగా ఉన్న సాక్ష్యాన్ని వాదంలోని ముఖ్యాంశంగా మార్చుకోవడం సినిమాకు తగినదేమో గాని పరిశోధనకు తగదు.

ఇంతకు 600కు 1 అంటే అర్థమేమి? చూచినవారిలో పెక్కుమంది, ఇది యేసు సమాధి కావడానికి 600 పాళ్లు, కాకపోవడానికి ఒక పాలు అని అర్థం చేసుకొన్నారు. ఫోయర్వర్గర్ తరువాత ఇచ్చిన వివరణ ప్రకారం ఆ లెక్క అటువంటిది కాదు. చరిత్రకారులు తనకు ఇచ్చిన ఊహలన్నీ సరియైనవైతే, ఇంత విశేషమైన పేర్ల గుంపు అనుకోకుండా ఒక గుహలో చేరడం ఎంత అరుదో అది చెప్తుంది. యేసు కుటుంబానికి యెరూషలేములో అసలు ఒక రాతిగుహ సమాధి ఉన్నదా అన్న మొదటి ప్రశ్నను అది తాకదు. వారిది గలిలయలోని నజరేతు. కలిగిన కుటుంబం కాదు. యెరూషలేము వాసులు కానివారిని అక్కడ పాతిపెట్టినప్పుడు పేరుతోపాటు ఊరి పేరు కూడ వ్రాసే వాడుక ఉండేదనీ, ఈ పెట్టెల మీద ఊరి పేరు లేదనీ జోడి మాగ్నెస్ అనే పురాతత్త్వవేత్త గుర్తు చేసినది. ఫోయర్వర్గర్ తన పద్ధతిని 2008లో ఒక సాంఖ్యక పత్రికలో సవిస్తరంగా ప్రకటించినాడు. ఇతర సాంఖ్యకుల విమర్శలు కూడ దానితోనే అచ్చయినవి. జరగవలసిన క్రమం అదే; కాని అప్పటికి చిత్రం ప్రసారమై సంవత్సరం గడచినది.

జీవకణ పరీక్ష సంగతి మరింత చిత్రమైనది. కెనడాలోని లేక్‌హెడ్ విశ్వవిద్యాలయంలో కార్నీ మాథెసన్ రెండు పెట్టెల అడుగున మిగిలిన పొడి నుండి డి.ఎన్.ఏ. తీసినాడు. ఒకటి యేషువా పెట్టె, రెండవది మరియమెనె పెట్టె. దొరికినది మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. మాత్రమే. ఇది తల్లినుండి బిడ్డకు వస్తుంది, తండ్రినుండి రాదు. రెండింటిలోనివి కలియలేదు. అనగా ఆ ఇద్దరు ఒక తల్లి బిడ్డలు కారు, తల్లీబిడ్డలూ కారు. పరీక్ష చెప్పినది ఇంతే. ఒకే సమాధిలో ఉండి రక్తసంబంధం లేదు కనుక భార్యాభర్తలై ఉంటారని చిత్రం చెప్పినది.

ఈ తర్కాన్ని ఏ తెలుగు ఇంటిలోనైనా పరీక్షించి చూడవచ్చును. మేనత్తకు, మేనల్లునికి ఈ పరీక్షలో సంబంధం కనిపించదు. సవతి తల్లికి కనిపించదు. వేర్వేరు తల్లులకు పుట్టిన ఒక తండ్రి బిడ్డలకు కనిపించదు. మామకూ కోడలికీ, వదినకూ మరిదికీ కనిపించదు. తిరిగి, అక్క కూతురిని చేసుకొన్నవానికి, అతని భార్యకు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఒకటే ఉంటుంది, ఎందుకంటే ఇద్దరికీ అది అతని తల్లినుండి వచ్చినదే. కాబట్టి ఈ పరీక్షతో భార్యాభర్తలను తేల్చడం కుదరదు. ఇతర సంబంధాలకు కూడ తన ఫలితాలలో అవకాశం ఉన్నదని మాథెసన్ స్వయంగా వివరణ ఇచ్చినాడు. ఒక పెట్టెలో ఒకరి ఎముకలే ఉండేవని గాని, పెట్టెలను తరలించినవారి చేతినుండి పొడిలోకి ఏమీ చేరలేదని గాని హామీ లేదు.

చేసి ఉంటే ఉపయోగపడే పరీక్ష ఒకటి ఉన్నది. మరియమెనె భార్య, యెహూదా ఆమె కుమారుడు అని వాదించేటప్పుడు ఆ ఇద్దరి పెట్టెలలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. కలిసి తీరాలి. కలియకపోతే వాదం అక్కడికి ముగుస్తుంది. చిత్రంలో ఆ పోలిక లేదు.

పదవ పెట్టె కథ కూడ చెప్పుకోవాలి. పదింటిలో తొమ్మిదే గిడ్డంగి జాబితాలో ఉన్నవి. 2002 అక్టోబరులో "యోసేపు కుమారుడు యాకోబు, యేసు సోదరుడు" అన్న లేఖనం గల ఒక పెట్టె లోకానికి వెల్లడి అయినది. అది ఒక పురావస్తు సేకర్త వద్ద ఉన్నది. తవ్వకంలో దొరికినది కాదు. 2003లో ఇస్రాయేలు పురావస్తు అధికారులు నియమించిన సంఘం ఆ లేఖనం కూటమని తేల్చినది. సేకర్తపై కేసు నడచి, 2012 మార్చిలో న్యాయస్థానం అతనిని ఆ నేరం నుండి విడుదల చేసినది. అయితే నేరం రుజువు కానంత మాత్రాన లేఖనం నిజమైనదని తాను చెప్పినట్లు కాదని న్యాయాధిపతి స్పష్టం చేసినాడు. జాకబోవిచి చిత్రం ఈ పెట్టెయే ఆ పదవదని సూచించినది. రెండింటి మీద కాలక్రమాన ఏర్పడిన పైపొరలోని మూలకాలు పోలి ఉన్నవని చూపినది. ఒకే కొండ రాతిలో, ఒకే రకపు మట్టి క్రింద ఉన్న వందల పెట్టెల పొరలు ఒకదానినొకటి పోలి ఉంటే వింత లేదు. వాటిలో తగినన్నిటిని పరీక్షించి తేడా చూపితేనే పోలికకు విలువ. క్లోనర్ చెప్పిన దాని ప్రకారం పదవ పెట్టె పేరు, అలంకారం లేని సాదా పెట్టె. అటువంటివి చాలా ఉండడం వలన దానిని ప్రత్యేకించి భద్రపరచలేదు.

చిత్రం ప్రసారమైన రాత్రే డిస్కవరీ సంస్థ పాత్రికేయుడు టెడ్ కాపెల్ ఆధ్వర్యంలో విమర్శకులను కూర్చోబెట్టి ఒక చర్చ కూడ ప్రసారం చేసినది. చిత్రాన్ని వేసిన సంస్థే దానికి బదులుగా సందేహాలను వినిపించడం అరుదు. 2008 జనవరిలో యెరూషలేములో జేమ్స్ చార్ల్స్‌వర్త్ ఆధ్వర్యాన ఒక పండిత సభ జరిగినది. సభ ముగియగానే, పండితులు చిత్రాన్ని బలపరచినారని కొన్ని పత్రికలు వ్రాసినవి. వెంటనే ఆ సభలో పాల్గొన్న పలువురు, అట్లా కాదనీ తమలో ఎక్కువమంది ఒప్పుకోలేదనీ ప్రకటన ఇచ్చినారు. ఆ సభ వ్యాసాలు 2013లో పెద్ద గ్రంథంగా వచ్చినవి. గ్రంథం పేరులో "యేసు, ఆయన కుటుంబపు సమాధి" అన్న మాటల చివర ప్రశ్నార్థకం ఉన్నది. ఇంతలో, ప్రక్క సమాధిలోకి యంత్రపు చేతికి కట్టిన కెమెరాను పంపిన జాకబోవిచి, జేమ్స్ టేబర్, అక్కడ ఒక పెట్టె మీది బొమ్మ 2012లో యోనాను కక్కుతున్న చేప అని ప్రకటించినారు. అది చేప కాదు, కూజా అని ఇతరులు అన్నారు. ఆ వాదన వేరొక కథ.

తల్పియోత్ సమాధిలోని ఎముకలు ఇప్పుడు పరీక్షకు దొరకవు. మతాధికారుల కోరిక మేరకు వాటిని తిరిగి భూమిలో పాతిపెట్టినారు. గుహ చుట్టూ ఇండ్లు లేచినవి. పేర్లు గీచిన పెట్టెలు మాత్రం పురావస్తు శాఖ గిడ్డంగిలోకి చేరినవి. వాటి అడుగున ఇంకా మిగిలిన పొడి ఏమైనా ఉంటే, యెహూదా పెట్టెతో మొదలుపెట్టవచ్చును.